ఎటూ పోనివాళ్లు

ముందు వాకిటి గేటు గొళ్ళెం చప్పుడు వినిపించేది. ఇనుము ఇనుముకు తగిలీ తగలనట్టు, ఎవరో బిగబట్టిన ఊపిరి వదిలినట్టు, ఒక్క చిన్న చప్పుడు. దాని వెనకే మగ్గం. నాడె పరుగు, అచ్చు దెబ్బ. నాడె పరుగు, అచ్చు దెబ్బ. కళ్ళు తెరవకుండానే ఆ రెండు చప్పుళ్ళూ విని తెల్లవారిందని తెలుసుకునేదాన్ని నేను. గొళ్ళెం పడిందంటే అమ్మ పనికి వెళ్ళిందని. మగ్గం మొదలైందంటే, అమ్మ వెళ్ళిన సంగతి బాపు చెవిన పడలేదని.

పడలేదని కాదు, పడనట్టు ఉండాలని. మా బాపు సిద్దిరాములు ఆ గొళ్ళెం కోసమే ముందుగా లేచి, మగ్గం గుంటలో కాళ్ళు దించుకుని, తెగిన పోగులు ముడివేస్తూ కూర్చునేవాడు. అది పడీ పడగానే మొదటి దెబ్బ వేసేవాడు.

మా ఆసుగడ్డ వరంగల్ చివర, వర్ధన్నపేట వైపు పోయే పెద్దరోడ్డుకు ఎడంగా, ఎత్తు మీద ఉన్న నేతగాళ్ళ వాడ. నలభై ఇళ్ళు. ఒకప్పుడు ఇంటింటా జంపఖానాలు నేసేవారు. ఆ ఎండాకాలం నాటికి పన్నెండు మగ్గాలే ఆడుతున్నాయి. ఆడుతున్న ఇళ్ళలోనూ ఆగిన ఇళ్ళలోనూ పొయ్యి వెలిగేది ఆడవాళ్ళ రెక్కల మీదే. ఒకరు బడిలో ఆయా, ఒకరు బట్టల దుకాణంలో ఊడ్చే మనిషి. అమ్మ చౌరస్తా అవతలి దవాఖానలో రోగుల మంచాల మీద దుప్పట్లు మార్చేది. ఈ సంగతి అందరికీ తెలుసు. ఎవరూ అనరు. పనికి బయలుదేరే ప్రతి ఆడమనిషి చేతిలోనూ ఒక నూలు సంచి ఉంటుంది. అందులో నూలు ఉండదు, సద్దిగిన్నె ఉంటుంది. చూసినవాళ్ళు, చేనేత సంఘం నుంచి నూలు తేవడానికి పోతున్నదని అనుకోవాలి. బండ్లున్న మగవాళ్ళు సైతం పెండ్లాన్ని వెనక కూర్చోబెట్టుకుని పని దగ్గర దింపేవారు కాదు. దింపితే ఒప్పుకున్నట్టే కదా, మగ్గం ఇల్లు సాకడం లేదని. అంత పొద్దున గడ్డ మీదికి ఆటోలు ఎక్కవు. అందుకని నడక. గడ్డ దిగి, కాలువ దాటి, పెద్దరోడ్డు పట్టుకుని, మూడున్నర కిలోమీటర్లు పోను, మూడున్నర కిలోమీటర్లు రాను.

బాపు అమ్మను పేరు పెట్టి పిలవగా నేను ఎన్నడూ వినలేదు. అది మా గడ్డ మీద వింత కాదు. అక్కడ ఏ మొగుడూ పెండ్లాం పేరు ఎత్తడు, ఏ పెండ్లామూ మొగుడి పేరు ఎత్తదు. బాపు 'ఇందూ' అని పిలిచేవాడు. అది నా పేరు. పిలుపు చివర సాగితే అమ్మ వెళ్ళాలి, తెగితే నేను వెళ్ళాలి. ఒక్క పేరును ఇద్దరం పంచుకుని ఇరవై ఏళ్ళు బతికాం, ఒక్కనాడూ పొరబడలేదు. అమ్మ అసలు పేరు ఆధార్ కార్డు మీద ఉండేది, రేషన్ కార్డు మీద ఉండేది, దవాఖాన వాళ్ళు మెడలో వేసిన బిళ్ళ మీద ఉండేది. గడ్డ ఎక్కేముందు ఆ బిళ్ళను తీసి నూలు సంచిలో దాచుకునేది అమ్మ.

*

డిగ్రీ రెండో సంవత్సరం పరీక్షలు ముగిసి, ఎండలు ముదురుతున్న రోజులు. నగరం అంచుల్లో ఉన్న వాడలకు చిన్న బస్సులు తిప్పడానికి నగరపాలిక దారులు గీస్తున్నదనీ, ఇంటింటి సర్వేకు చదువుకున్న పిల్లలు కావాలనీ తెలిసి నేను పేరిచ్చాను. కొత్తవాళ్ళ ముందు నాకు గొంతు పెగలదు. అయినా చేతిలో ట్యాబ్ ఉంటే అది చూసి చదివితే చాలు కదా అనుకున్నాను.

మాకు పని నేర్పింది ప్రణాళిక విభాగంలో పనిచేసే శ్యాంసుందర్ సార్. రిటైరు కావడానికి దగ్గర పడిన మనిషి. గోడకు వేలాడదీసిన వరంగల్ పటం ముందు నిలబడి, చేతి కర్రతో ఏ వీధినీ తాకకుండా గాలిలోనే తిప్పుతూ చెప్పాడు.

"చూడుండ్రి పిల్లలూ, బస్సుకు కండ్లుండవు. మీరు రాసిందే దానికి కండ్లు. ఇంట్ల ఎవరు బయటికి పోతరు, ఏడికి పోతరు, ఎప్పుడు పోతరు, ఎట్ల పోతరు. నాలుగే ప్రశ్నలు. నడిచి పోయినా రాయాలె. అసలు ఈ బస్సు నడిచేటోళ్ల కోసమే."

నేను ఆ మాటను పుస్తకంలో రాసుకుని కింద రెండు గీతలు గీశాను. నాకు అమ్మ మోకాళ్ళు గుర్తుకొచ్చాయి.

ఆ ఏడు అమ్మ మోకాళ్ళు నీళ్ళు పట్టి ఉబ్బాయి. తాను పనిచేసే దవాఖానలోనే డాక్టరమ్మకు చూపించుకుంది. నిలబడి పని చేసుకోవచ్చు గానీ ఇంత దూరం నడక వద్దని, ఇట్లాగే నడిస్తే వచ్చే ఎండాకాలానికి మంచం దిగలేవని ఆమె చెప్పింది. దానికి తోడు ఆలస్యంగా చేరినందుకు పైమనిషి రెండుసార్లు హెచ్చరించాడట. మూడోసారి అయితే ఇంక రావద్దని. నడవకపోతే పని పోతుంది, నడిస్తే కాళ్ళు పోతాయి. అందుకని అమ్మ బస్సు మాట విన్ననాటి నుంచి ఆ మాటనే పట్టుకుని ఉంది.

ఆసుగడ్డ నా వంతుకే వచ్చింది.

మొదటి ఇల్లు రాయమల్లు కాకది. బాపు కంటే నాలుగేళ్ళు చిన్న, నోరు మాత్రం పెద్ద. అరుగు మీద బనీనుతో కూర్చుని నన్ను చూడగానే మొదలుపెట్టాడు.

"ఏందే ఇందూ, సర్కారు బిడ్డవైనవట? మా గడ్డకు విమానం తెస్తానవా, రైలు తెస్తానవా?"

"బస్సు, కాకా."

"బస్సేనా? సర్లే, చిన్నపిల్లవు. ముందుగాల బస్సుతోనే మొదలువెట్టు. అడుగు."

అడిగాను. తాను వారానికి ఒకసారి బండి మీద సంఘానికి పోతానన్నాడు.

"చిన్నమ్మ?"

"మా ఇంట్ల ఆడోళ్లు ఎటూ పోరు బిడ్డా. రాసుకో."

ఆయన వెనక, తీగ మీద, చిన్నమ్మ కట్టుకునే బడి ఆయాల నీలం చీర ఆరుతూ ఉంది. గాలికి అది ఊగినప్పుడల్లా దాని నీడ ఆయన ముఖం మీద పడుతూ లేస్తూ ఉంది. నేను చీరను చూశాను. నేను చూడడం ఆయన చూశాడు. ఇద్దరం ట్యాబ్ వైపు తలలు వంచాం.

రెండో ఇంట్లో అదే మాట. మూడో ఇంట్లో, పదో ఇంట్లో అదే మాట. ఎవరూ కూడబలుక్కోలేదు. అడిగింది సర్కారు, జవాబు చెప్పేది ఇంటి యజమాని. యజమాని పరువు యజమాని చూసుకున్నాడు. ఆ సాయంత్రం, పని నుంచి తిరిగొచ్చిన చిలుకమ్మత్త ఒక్కతి దగ్గరైనా నిజం దొరుకుతుందనుకున్నాను. ఆమెకు మొగుడు పోయి తొమ్మిదేళ్ళు. అమ్మతో పాటే రోజూ దవాఖానకు నడుస్తుంది, అక్కడ వంటశాలలో గిన్నెలు తోముతుంది. ఆమె నడుము మీద చేతులు పెట్టుకుని నన్నే ఎదురు ప్రశ్న వేసింది.

"మిగిలినోళ్లు ఏమని చెప్పిన్రే?"

"ఆడోళ్లు ఎటూ పోరన్నరు అత్తా."

"అట్లనా! గడ్డ మీది ఆడోళ్లందరు ఇంట్లనే ఉంటరు, చిలుకమ్మ ఒక్కతే ఊరు తిరుగుతాంది అని రాస్తవా ఏంది? నన్ను గూడ ఇంట్లనే ఉంచు తల్లీ. అందరితోని నేను."

చివరగా, మర్నాడు, మా ఇల్లు. అప్పటికి పొద్దు పదకొండు దాటింది. బాపు మగ్గం ఆపి, భుజం మీద తువ్వాల సర్దుకుని, నేను ఎవరో పై ఊరి అధికారిని అయినట్టు గడప దగ్గర తీరుగా కూర్చున్నాడు. నా వెనకే వచ్చిన రాయమల్లు కాక, మరో ఇద్దరు ముగ్గురు అరుగు మీద చేరారు. తన బిడ్డ సర్కారు ట్యాబ్ పట్టుకుని నలుగురి ముందు తనను ప్రశ్న అడుగుతున్నదన్న మురిపెం బాపు కళ్ళలో దాగలేదు.

"ఇంట్లో ఎంతమంది?"

"ముగ్గురం."

"పేర్లు?"

"సిద్దిరాములు. ఇందు." అంతటితో ఆగాడు. "మూడోది నీకెర్కనే గద. రాసుకో."

రాయమల్లు కాక అందుకున్నాడు. "అన్నా, సర్కారు అడుగుతాంది. నోరు దెరిచి చెప్పరాదే! లేకుంటే మాఫ్ జెయ్యరట."

"నువ్వు చెప్పినవారా మీ ఇంట్ల?" అంటూ బాపు నూలు చుట్టే ఖాళీ కండె ఒకటి ఆయన మీదికి విసిరాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లో నేను అమ్మ పేరు మూడు అక్షరాలు టైపు చేసుకున్నాను.

"బయటికి పోయేవాళ్ళు?"

"నేను సంఘానికి. నువ్వు కాలేజికి."

"ఇంకొకరు?"

బాపు నా ముఖంలోకి చూడలేదు. నా చేతిలోని ట్యాబ్ వైపు చూశాడు.

"ఎటూ పోదు. ఇంట్లనే ఉంటది."

లోపల పొయ్యి మీద, అమ్మ తెల్లవారకముందే వండి మూత పెట్టిన అన్నం గిన్నె ఉంది. తాగే నీళ్ళ బిందె మీద అమ్మ బోర్లించి పోయిన చెంబు ఉంది. ఇల్లంతా అమ్మ చేసిన పనులున్నాయి, అమ్మ ఒక్కతే లేదు. నా వేలు తెర మీద నిలబడిపోయింది. 'దవాఖాన' అని ఒక నొక్కు, 'ఉదయం' అని ఒక నొక్కు, 'నడక' అని ఒక నొక్కు. మూడు నొక్కులే. అరుగు మీద నలుగురున్నారు. బాపు ఎదురుగా ఉన్నాడు. నా గొంతు పెగలనట్టే నా వేలూ పెగలలేదు.

'లేదు' అన్న చోట నొక్కాను. మా ఇల్లు ముగిసిందని తెర మీద ఆకుపచ్చ గుర్తు వెలిగింది.

*

మూడున్నరకు, ఎండ నిప్పులు చెరుగుతుండగా, అమ్మా చిలుకమ్మత్తా గడ్డ ఎక్కి వచ్చేవారు. ముందు చిలుకమ్మత్త మాట వినిపించేది, ఆ తర్వాత అమ్మ కొంగు కనిపించేది. ఆ సాయంత్రం అమ్మ గడప మీద కూర్చుని, చీర మోకాళ్ళ పైకి జరుపుకుని, చెంబుతో నీళ్ళు పోసుకుంటూ ఉంది. రెండు మోకాళ్ళూ రెండు నూలు ఉండల్లా ఉన్నాయి.

"వదినా, నీ బిడ్డ బస్సు తెస్తాందట గద," అంది చిలుకమ్మత్త, పైటతో విసురుకుంటూ. "ఏసీ బస్సైతే నేను దిగనే దిగ. ఆడనే వండుకుంట, ఆడనే పండుకుంట."

"నిన్నెక్కిచ్చుకుంటే గడ్డెక్కుతదా బస్సు? సగం దూరంలనే ఊపిరి వట్టుకుంటది," అంది అమ్మ. ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వు సద్దుమణిగాక అమ్మ నా వైపు తిరిగింది.

"నిజంగనే మన గడ్డెక్కుతదా బిడ్డా?"

"ఎక్కుతదమ్మా."

అమ్మ మరో చెంబు నీళ్ళు మోకాలి మీద పోసుకుంది. "మరి ఇగ ఫికర్ లేదు," అంది, నాతో కాదు, మోకాలితో.

*

నెల తిరగకముందే దారుల పటం తయారైంది. మేము సర్వే చేసిన పిల్లలం చూడడానికి వెళ్ళాం. పెద్దరోడ్డు వెంట ఎర్రగీత వస్తూ వస్తూ, మా కాలువ దగ్గరికి రాకముందే, ఏదో గుర్తుకొచ్చి వెనుదిరిగిన మనిషిలా కుడివైపుకు మళ్ళిపోయింది. ఆసుగడ్డ ఆ గీతకు ఎడంగా, తెల్లగా, ఒంటరిగా మిగిలింది.

అందరూ వెళ్ళాక శ్యాంసుందర్ సార్ బల్ల దగ్గర నిలబడ్డాను. నేను నోరు తెరిచేదాకా ఆయన ఓపికగా ఎదురుచూశాడు.

"సార్, మా గడ్డ..."

ఆయన కంప్యూటర్‌లో వెతికి, తెరను నా వైపు తిప్పాడు. నలభై ఇళ్ళు. పనికి వెళ్ళే ఆడవాళ్ళు: సున్నా. అడిగి రాసినవారు: ఇందు.

"నాకు గూడ అనుమానమైందమ్మా. నలభై ఇండ్లల్ల ఒక్క ఆడమనిషి పనికి పోదా అని. కని నేను అనుమానం మీద గీత గియ్యలేను గద? ఇంకోవైపు రెండు వందలమంది పోతానమని రాయించిన్రు. బస్సు అటు మళ్ళింది." ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే నాకు సులువుగా ఉండేది. "అయితే ఇది ఆఖరు కాదు. వచ్చే శనివారం మీ వార్డు సభ ఉన్నది. జవాబు ఇచ్చిన మనిషే వచ్చి, సభల నిలబడి, ఎవరు ఏడికి పోతరో పేరుతోని చెప్తే సవరిస్తం. ఒక్క ఇల్లు మొదలువెడితే చాలు, గడ్డ మొత్తం మళ్ళ అడుగుతం."

"వేరేవాళ్ళు చెప్తే, సార్? నేను చెప్తే?"

"నువ్వు రాసిన మనిషివి. చెప్పిన మనిషి కావాలె."

ఆ రాత్రి కాదు, మర్నాడు కాదు, మూడో నాడు అమ్మకు చెప్పాను. వంటింట్లో, కండెలు చుట్టే రాట్నం ముందు, నేను రాసిన సున్నా సంగతి చెప్పాను. అమ్మ రాట్నం తిప్పుతూనే విన్నది. నేను ఏడవడం మొదలుపెట్టాక ఆపింది.

"నువ్వేం జేస్తవు? ఆయన చెప్పిందే రాసినవ్."

"నువ్వు బాపుకు చెప్పమ్మా. సభల లేచి ఒక్క మాట..."

"వద్దు." అమ్మ అంత గట్టిగా మాట్లాడగా నేను తక్కువ విన్నాను. "నలుగుట్ల ఆయనను నిలవెట్టకు. నేను పనికి పోవట్టి పదకొండేండ్లాయె. ఒక్కనాడన్న వద్దన్నడా? పో అని గూడ అనలేదు, అది వేరే. నేను లేవకముందే లేస్తడు. నీళ్లు తోడి పెడ్తడు. నేను గొళ్ళెం వేసేదాంక మగ్గం ముట్టడు. ఆయన తీరు ఆయనకున్నది. నా కాళ్ళ కోసం ఆయన తల వంచుతనా?"

రాట్నం మళ్ళీ తిరిగింది. ఇంక ఆ మాట ఇంట్లో లేవలేదు. శనివారానికి నాలుగు రోజులున్నాయి.

*

గురువారం పొద్దున నన్ను చప్పుడు కాదు, చప్పుడు లేకపోవడం లేపింది.

గొళ్ళెం పడింది. మగ్గం మొదలైంది. నాలుగు దెబ్బలు పడి ఆగిపోయింది. కళ్ళు తెరిచి చూస్తే గుంట ఖాళీగా ఉంది. గోడ కొయ్యకు అమ్మ నూలు సంచి ఉండే చోట ఏమీ లేదు. వాకిట్లోకి వచ్చి చూశాను. గడ్డ అంచున, రాళ్ళ మీద, బాపు నిలబడి ఉన్నాడు. ఆయన చేతిలో నూలు సంచి ఉంది. ఆ పొద్దు అమ్మ దాన్ని మరిచి వెళ్ళింది. లోపల సద్దిగిన్నె ఉంది, మెడలో వేసుకునే బిళ్ళ ఉంది.

దగ్గరికి నడిచాను. కింద, కాలువ మీది మోరీ గోడ మీద అమ్మ కూర్చుని ఉంది. గడ్డ దిగడానికే ఆమె బలం అయిపోయినట్టుంది. రెండు చేతులతో కుడి మోకాలిని పట్టుకుని, మెల్లగా చాపి, మెల్లగా ముడిచి, మళ్ళీ చాపుతూ ఉంది. పక్కన చిలుకమ్మత్త నిలబడి ఉంది. ఆ పొద్దున ఆమె కూడా ఏమీ మాట్లాడడం లేదు.

బాపు సంచిని పైకెత్తాడు. పిలవడానికి నోరు తెరిచాడు.

"ఇందూ..."

పిలుపు చివర సాగింది. ఇంట్లో అయితే అమ్మ ఉలిక్కిపడి లేచేది. కానీ ఇరవై ఏళ్ళలో ఆయన ఆమెను దారి మీద పిలిచింది లేదు. గడ్డ మీద ఎక్కడో మొగుడు బిడ్డను పిలుచుకుంటున్నాడనుకుందేమో, అమ్మ తల తిప్పలేదు. చిలుకమ్మత్త భుజం పట్టుకుని లేచింది. కుడి కాలు ఈడ్చుకుంటూ నడక సాగించింది.

"ఇందూ..." ఇంకొంచెం గట్టిగా.

"ఏంది బాపూ?" అన్నాను నేను, ఆయన వెనక నుంచి.

ఆయన గిరుక్కున తిరిగాడు.

"నిన్ను కాదు," అన్నాడు.

మళ్ళీ కిందికి చూశాడు. వాళ్ళిద్దరూ పెద్దరోడ్డు మలుపు దగ్గరికి చేరుతున్నారు. పరుగెత్తితే అందేవాళ్ళే. పరుగెత్తితే గడ్డంతా చూసేది. పేరు పెట్టి పిలిస్తే ఆగేది. ఆయన పెదవులు ఒకసారి కలిసి విడిపోయాయి. శబ్దం రాలేదు. మలుపులో ముందు చిలుకమ్మత్త కొంగు, తర్వాత అమ్మ కొంగు మాయమయ్యాయి. అన్నం గిన్నె ఉన్న సంచి ఆయన చేతిలో ఉండిపోయింది.

"ఎంత దూరం ఉంటది?" అని అడిగాడు. పదకొండేళ్ళలో ఆ దారి గురించి ఆయన అడిగిన మొదటి మాట అది.

"మూడున్నర కిలోమీటర్లు."

"రోజు గిట్లనే కూసుంటదా మోరీ కాడ?"

"ఇంకా రెండు జాగలల్ల కూసుంటదట, బాపూ."

ఆయన తల ఊపాడు. ఇంట్లోకి వచ్చి సంచిని కొయ్యకు తగిలించాడు. గుంటలో కాళ్ళు దించాడు గానీ నేయలేదు. సగం నేసిన జంపఖానాను అరచేత్తో నిమురుతూ కూర్చున్నాడు.

"ఇన్నేండ్లు ఈ గుంటల కూసోని ఎంత నేసిన్నో లెక్కనే లేదు," అన్నాడు ఎవరితోనో. "అన్ని పరిచినా ఆ రోడ్డు దాంక పోవు."

నేను గోడకు ఆనుకుని నిలబడి, నా జీవితంలో అంతకుముందు ఎన్నడూ చేయని పని చేశాను. అడగని మాటకు జవాబు చెప్పాను.

"శనివారం బడిల సభ ఉన్నది బాపూ. చెప్పిన మనిషే మార్చి చెప్పాలెనట. పేరుతోని."

బాపు తెగిన పోగు ఒకటి వెతికి ముడివేశాడు. మధ్యాహ్నం అన్నం పెడితే పళ్ళెం పక్కకు జరిపాడు. ఆ రోజు అమ్మ అక్కడ పస్తు ఉంది. ఇక్కడ ఆయన పస్తు ఉన్నాడు. సాయంత్రం ఇద్దరూ కలిసి తిన్నారు.

*

శనివారం సభ బడి పెద్దగదిలో జరిగింది. ముందు బల్ల మీద పటం పరిచారు. శ్యాంసుందర్ సార్ పక్కన ట్యాబ్ పట్టుకుని నేను కూర్చున్నాను. ముందు వరుసల్లో బస్సు వచ్చే వాడల వాళ్ళు, వెనక వరుసలో మా గడ్డ మగవాళ్ళు. తమకు రాని బస్సును చూడడానికి వచ్చినట్టు చేతులు కట్టుకుని ఉన్నారు. ఆ రోజు సెలవు దొరికిన చిలుకమ్మత్త కిటికీ దగ్గర నిలబడింది. అమ్మకు సెలవు దొరకలేదు. దొరికినా వచ్చేది కాదు.

బాపు ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని తలుపు పక్కన కూర్చున్నాడు. ఇంటి నుంచి నాతో పాటు రాలేదు. నా వెనకా రాలేదు. ఎప్పుడొచ్చాడో తెలియదు.

సార్ దారి మొత్తం చదివి వినిపించాడు. సవరణలుంటే చెప్పమన్నాడు. ఒకాయన స్టాపు తన దుకాణం ముందుకు జరపమన్నాడు. ఇంకొకాయన తన దుకాణం ముందు నుంచి తీసేయమన్నాడు. నవ్వులు లేచాయి. సార్ కాగితాలు సర్దుకుంటూ, "మరి ముగిద్దామా?" అన్నాడు.

బాపు లేచాడు. పక్కనే ఉన్న రాయమల్లు కాక ఆయన చొక్కా అంచు పట్టి కిందికి లాగాడు. "అన్నా, కూసో. మనకెందుకు?"

బాపు ఆ చేతిని తన చేత్తో విడిపించాడు, తెగిన పోగును విడిపించినంత మెత్తగా.

"నాది ఆసుగడ్డ. సిద్దిరాములు. సర్వేల నేను తప్పు చెప్పిన."

సార్ నా వైపు చూడకుండా ట్యాబ్‌ను నా ముందుకు జరిపాడు. నేను మా ఇంటి పేజీ తెరిచాను.

"ఏం తప్పు, పెద్దాయనా?"

"మా ఇంట్ల ఆడోళ్లు ఎటూ పోరన్న. పోతరు. తెల్లారంగనే దవాఖానకు పనికి పోతది. నడిచే పోతది, నడిచే వస్తది. పదకొండేండ్ల సంది." ఆయన భుజం మీది తువ్వాల సర్దుకున్నాడు. "మోకాళ్ళు బాగలెవ్వు."

"ఎవరు పోతరు?"

"మా ఇంట్ల."

ముందు వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. సార్ నవ్వలేదు.

"మీ ఇంట్ల అంటే?"

"ఇందు వాళ్లమ్మ."

"పేరు చెప్పాలె, పెద్దాయనా. మనిషి పేరు లేకుంటే సవరణ కాదు."

బాపు నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. 'నీకెర్కనే గద, రాసుకో' అన్న చూపు. ఆ పేరు నా ముందు తెర మీదే ఉంది. నేను చదివేస్తే అయిపోతుంది. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ ఎండాకాలం ఒకసారి నేను మాట్లాడవలసిన చోట ఊరుకున్నాను. ఈసారి ఊరుకోవలసిన చోటే ఉన్నానని నాకు అర్థమైంది. తల వంచి, వేలు తెర మీద ఆనించి, ఎదురుచూశాను.

ఆ తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. బాపు తర్వాత లేచింది రాయమల్లు కాక. చేతులు కట్టుకున్న వాళ్ళు ఒక్కొక్కరే చేతులు విప్పుకున్నారు. చిలుకమ్మత్త కిటికీ దగ్గర నుంచే తన పేరు తానే చెప్పుకుంది, రెండుసార్లు, స్పష్టంగా రాసుకొమ్మని. మా గడ్డను మళ్ళీ అడిగారు. సున్నా ఉన్న చోట ముప్పై ఒకటి వచ్చింది. వానలు మొదలయ్యాక, ఒక పొద్దున, ఎర్రగీత కాలువ దాటి గడ్డ ఎక్కింది. ఇప్పుడు మా ఇంట్లో గొళ్ళెం గట్టిగానే పడుతుంది. అమ్మ కిటికీ పక్క సీట్లో, మెడలో బిళ్ళతో కూర్చుంటుంది. బస్సు మలుపు తిరిగేదాకా మగ్గం మొదలుకాదు.

కానీ అప్పటికి అవేవీ జరగలేదు. గదిలో పైన పంకా ఒక్కటే తిరుగుతూ ఉంది. బాపు తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. కిటికీలోంచి, గడ్డ అంచు కనిపించే వైపు ఒకసారి చూశాడు. రెండు రోజుల కింద అక్కడి నుంచి చేరని పిలుపు ఇంకా నోట్లోనే ఉన్నట్టు, గుండె నిండా గాలి తీసుకున్నాడు. మోరీ గోడ దాకా, పెద్దరోడ్డు మలుపు దాకా వినపడేంత గట్టిగా అన్నాడు:

"లింగమ్మ."